డీజిల్ పొగకు ప్లాస్మా–ఉత్ప్రేరక శుద్ధి: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు ఈ కింది పనులు చేయగలుగుతారు:
• డీజిల్ పొగను శుద్ధి చేయడం పెట్రోలు పొగ కంటే ఎందుకు కష్టమో వివరించడం
• ప్లాస్మా ఒక్కటే ఏమి చేయగలదో, ఉత్ప్రేరకం తోడైతే ఏమి చేయగలదో వేరుచేసి చెప్పడం
• ఒక పరిశోధనా ఫలితాన్ని కొలత, శక్తి, పరిమాణం, మిగులు అనే నాలుగు ప్రమాణాలతో విమర్శించడం

1. పరిచయం

ఈ భాగంలోని సమస్యను చూడటానికి ప్రయోగశాలకు వెళ్లనక్కరలేదు. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ప్రొద్దుటూరు బజారులో నిలబడండి. అంగళ్ల ముందు ఒక్కొక్క జనరేటరూ మొదలై, ఇరుకు వీధిలో పొగ మనిషి ఎత్తున కమ్ముకుంటుంది. జమ్మలమడుగు నుంచి ఎర్రగుంట్ల వైపు వెళ్లే దారిలో సిమెంటు, నాపరాళ్లు మోసే లారీలు కనిపిస్తాయి. పులివెందులలో చీనీ, అరటి కాయలు ఎత్తుకొని దూరపు మార్కెట్లకు బయలుదేరే లారీలు ఉంటాయి. ఈ మూడు చోట్లా పని చేసేది డీజిల్ ఇంజనే. ఆ పొగను పీల్చేది అంగడి ముందు కూర్చున్నవారు, దారి పక్క హోటలు నడిపేవారు, బడికి నడిచి వెళ్లే పిల్లలు.

ఈ పొగకు విరుగుడుగా చాలాకాలంగా పరిశోధనలో ఉన్న పద్ధతుల్లో ప్లాస్మానూ ఉత్ప్రేరకాన్నీ జతచేయడం ఒకటి. ‘ప్లాస్మాతో 90 శాతం కాలుష్యం మాయం’ వంటి వాక్యం మీకు ఎక్కడైనా ఎదురుకావచ్చు. రేపు మీలో ఒకరు పురపాలక కార్యాలయంలోనో, ఆసుపత్రి నిర్వహణలోనో, కర్మాగారంలోనో పనిచేస్తూ, అటువంటి పరికరాన్ని కొనాలా వద్దా అని సలహా చెప్పవలసి రావచ్చు. అప్పుడు ఉపయోగపడే విమర్శనా దృష్టిని అలవరచడమే ఈ భాగం ఉద్దేశం. నా వాదనను ముందే చెబుతాను: ప్లాస్మా శుద్ధిచేసే సాధనం కాదు, శుద్ధికి సిద్ధంచేసే సాధనం. ఈ తేడాను మరచిన ఏ ఫలితమైనా, అంకె ఎంత పెద్దదైనా, సగం ఫలితమే.

2. డీజిల్ పొగ స్వభావం

డీజిల్ ఇంజన్ అవసరానికి మించిన గాలితో ఇంధనాన్ని మండిస్తుంది. అందువల్ల పొగలో వాడకుండా మిగిలిన ఆక్సిజన్ చాలా ఉంటుంది. మంట ఉష్ణోగ్రత ఎక్కువైన చోట గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రిక్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. దీనినీ నైట్రోజన్ డయాక్సైడ్‌నూ కలిపి ‘నాక్స్’ అంటారు. ఉత్ప్రేరకం లేని ఇంజన్ నుంచి వచ్చే నాక్స్‌లో సుమారు 90 శాతం నైట్రిక్ ఆక్సైడే. దీనికి తోడు మసి, మండని హైడ్రోకార్బన్లు, గంధకపు ఆక్సైడ్‌లు ఉంటాయి.

పెట్రోలు కార్లలో వాడే మూడు విధాల ఉత్ప్రేరకం ఇక్కడ పనిచేయదు. ఆ ఉత్ప్రేరకం మీద కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులు నైట్రిక్ ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్‌ను లాక్కుని దానిని నైట్రోజన్‌గా మారుస్తాయి. డీజిల్ పొగలో స్వేచ్ఛగా తిరిగే ఆక్సిజన్ సమృద్ధిగా ఉంది గనుక అవి సులభమైన ఆ ఆక్సిజన్‌తోనే కలిసిపోతాయి. నైట్రిక్ ఆక్సైడ్ అలాగే బయటికి పోతుంది.

నాక్స్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. అంతేకాదు, ఎండలో హైడ్రోకార్బన్లతో కలిసి నేలమట్టపు ఓజోన్‌కు కారణమవుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే రాయలసీమ ఎండ ఈ చర్యకు అనుకూలమైనదే. కాబట్టి ఈ సమస్యను మహానగరాలకే పరిమితమని అనుకోకూడదు.

3. ప్లాస్మా చేసే పని

వాయువు అణువుల నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు విడివడి, అయాన్లు, ఎలక్ట్రాన్లు, తటస్థ అణువులు కలిసి ఉండే స్థితిని ప్లాస్మా అంటారు. మెరుపులోనూ వెల్డింగులోనూ కనిపించేది వేడి ప్లాస్మా. పొగ శుద్ధికి వాడేది శీతల ప్లాస్మా. ఇందులో ఎలక్ట్రాన్లకు మాత్రమే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. వాయువు మొత్తం వేడెక్కదు. దీనిని తయారుచేసే ప్రధాన పద్ధతి డైఎలెక్ట్రిక్ బ్యారియర్ డిశ్చార్జ్. రెండు ఎలక్ట్రోడుల మధ్య గాజు లేదా పింగాణీ వంటి విద్యుత్ బంధకపు పొర ఉంచి, అధిక వోల్టేజి ఏసీ విద్యుత్తును ఇస్తారు. సందులో పెద్ద నిప్పురవ్వకు బదులు అసంఖ్యాకమైన సన్నని సూక్ష్మ విసర్గాలు ఏర్పడతాయి. ఇది కొత్త పద్ధతి కాదు. వెర్నర్ ఫాన్ సీమెన్స్ 1857లోనే ఓజోన్ తయారీకి ఈ అమరికను వాడాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ‘ప్లాస్మా పొగను కాల్చేస్తుంది’ అనే మాట తప్పు అభిప్రాయం కలిగిస్తుంది. నైట్రోజన్ అణువును విడగొట్టడానికి 9.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆక్సిజన్ అణువుకు 5.1 చాలు. కాబట్టి ఎలక్ట్రాన్ల శక్తి ఎక్కువగా ఆక్సిజన్‌ను విడగొట్టడానికే ఖర్చవుతుంది. ఫలితంగా ఆక్సిజన్ పరమాణువులు, ఓజోన్, నీటి ఆవిరి నుంచి హైడ్రాక్సిల్ కణాలు పుడతాయి. ఇవన్నీ నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రోజన్ డయాక్సైడ్‌గా ఆక్సీకరిస్తాయి. నైట్రోజన్ పరమాణువులు పుట్టి నైట్రిక్ ఆక్సైడ్‌ను తిరిగి నైట్రోజన్‌గా మార్చే చర్య జరుగుతుంది గాని, దాని వాటా చిన్నది.

దీని అర్థమేమిటి? ప్లాస్మా గుండా పోయిన పొగలో నైట్రిక్ ఆక్సైడ్ బాగా తగ్గుతుంది. మొత్తం నాక్స్ మాత్రం కొద్దిగానే తగ్గుతుంది. తగ్గినట్టు కనిపించినది పేరు మార్చుకొని అక్కడే ఉంది. పైగా నైట్రోజన్ డయాక్సైడ్ నైట్రిక్ ఆక్సైడ్ కంటే ఎక్కువ విషపూరితమైనది.

మీ అవగాహనను పరీక్షించుకోండి – 1
ఒక పరికరం పొగలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను 400 పీపీఎం నుంచి 40 పీపీఎంకు తగ్గించింది. అదే సమయంలో నైట్రోజన్ డయాక్సైడ్ 30 నుంచి 360 పీపీఎంకు పెరిగింది. నాక్స్ ఎంత శాతం తగ్గింది? (జవాబు: 430 నుంచి 400కు, అంటే సుమారు 7 శాతమే. ‘90 శాతం తొలగింపు’ అనే ప్రకటన నైట్రిక్ ఆక్సైడ్ విషయంలో నిజం, శుద్ధి విషయంలో అబద్ధం.)

4. ఉత్ప్రేరకంతో జత

ప్లాస్మా చేసిన ఈ మార్పు వృథా కాదు. చాలా ఉత్ప్రేరకాలకు నైట్రిక్ ఆక్సైడ్ కంటే నైట్రోజన్ డయాక్సైడ్‌తో వ్యవహరించడం సులభం. రెండు ఉదాహరణలు చూడండి.

మొదటిది హైడ్రోకార్బన్ మార్గం. అల్యూమినా, వెండి పూసిన అల్యూమినా, కొన్ని జియోలైట్‌ల మీద నైట్రోజన్ డయాక్సైడ్ హైడ్రోకార్బన్లతో చర్య జరిపి నైట్రోజన్‌గా మారుతుంది. ప్లాస్మాలో హైడ్రోకార్బన్లు పాక్షికంగా ఆక్సీకరణం చెంది మరింత చురుకైన పదార్థాలవుతాయి. అవే నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సీకరణానికి కావలసిన శక్తిని కూడా తగ్గిస్తాయి.

రెండవది అమోనియా మార్గం. నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ సమపాళ్లలో ఉంటే అమోనియాతో జరిగే క్షయకరణం చాలా వేగంగా, తక్కువ ఉష్ణోగ్రతలోనే సాగుతుంది. సాధారణ ఉత్ప్రేరకం 200 డిగ్రీల సెల్సియస్ లోపు మందగిస్తుంది. ప్లాస్మా ముందుగా సగం నైట్రిక్ ఆక్సైడ్‌ను మార్చి ఇస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

అమరిక రెండు రకాలు. ఉత్ప్రేరకపు గుళికలను ప్లాస్మా సందులోనే నింపడం ఏకదశ పద్ధతి. ప్లాస్మా తరువాత వేరే గదిలో ఉత్ప్రేరకం ఉంచడం ద్విదశ పద్ధతి. మొదటి దానిలో క్షణకాలం మాత్రమే బతికే కణాలు కూడా ఉత్ప్రేరకాన్ని చేరగలవు. అయితే డీజిల్ పొగలో మసి ఉంది. అది గుళికల మధ్య పూడుకుపోతుంది. విద్యుత్తును ప్రవహింపజేసే గుణం వల్ల విసర్గాన్ని చెడగొడుతుంది. అందుచేత నిజమైన డీజిల్ పొగకు ద్విదశ పద్ధతే ఆచరణకు దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

5. మన సమీపంలో జరిగిన కృషి

కడప జిల్లాకు దగ్గరలోనే ఈ విషయం మీద ఏళ్ల తరబడి పరిశోధన సాగింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అధిక వోల్టేజి రంగానికి చెందిన బి.ఎస్. రజనీకాంత్, ఆయన సహచరులు డీజిల్ పొగ మీద వరుసగా వ్యాసాలు ప్రచురించారు. వి. రవితో కలిసి 2002లో ప్రచురించిన వ్యాసం పల్స్ విద్యుత్ విసర్గాలకు గుళికలను, ఉత్ప్రేరకాలను జోడించడం గురించినది. 2004లో వడపోయని పొగను, అంటే మసితో కూడిన పొగను నేరుగా ప్లాస్మాలోకి పంపి పరిశీలించారు. 2012లో సంకర్షణ్ మహాపాత్రోతో కలిసి ప్లాస్మా తరువాతి దశలో ఎర్రమట్టిని ఉంచిన అమరికను వివరించారు. ఎర్రమట్టి అంటే బాక్సైట్ నుంచి అల్యూమినా తీసిన తరువాత మిగిలే వ్యర్థం. ఇందులో ఇనుము, అల్యూమినియం, టైటానియం ఆక్సైడ్‌లు ఉంటాయి.

హైదరాబాదు ఐఐటీలో సి.హెచ్. సుబ్రహ్మణ్యం బృందం ప్లాస్మా–ఉత్ప్రేరక జతను మరో దారిలో, ప్రధానంగా గాలిలోని కర్బన ఆవిరుల తొలగింపుకు వాడింది. లోహపు నారతో చేసిన ఎలక్ట్రోడు మీదనే మాంగనీస్, కోబాల్ట్ ఆక్సైడ్‌లు పూసి, ఎలక్ట్రోడునే ఉత్ప్రేరకంగా మార్చడం అందులోని ప్రత్యేకత. అది డీజిల్ పొగ సమస్య కాదు గాని, ఏకదశ పద్ధతికి మంచి ఉదాహరణ.

బెంగళూరు కృషిలో మెచ్చుకోదగినవి రెండు. ఈ రంగంలో చాలా ప్రయోగాలు సిలిండర్లలోని వాయువులను కలిపి చేసిన కృత్రిమ పొగతో జరుగుతాయి. అందులో మసి ఉండదు, నూనె తుంపర ఉండదు. వడపోయని అసలు పొగను ఎదుర్కోవడం శాస్త్రీయ నిజాయితీ. ఖరీదైన లోహాల బదులు పరిశ్రమ వ్యర్థాన్ని వాడటం రెండవది. ఇది మనవంటి దేశానికి తగిన ఆలోచన.

విమర్శించవలసింది కూడా ఇక్కడే ఉంది. అధిశోషకం నాక్స్‌ను పట్టి ఉంచుతుంది. ఉత్ప్రేరకం దానిని నైట్రోజన్‌గా మారుస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. ఎర్రమట్టికి క్షారగుణం ఉంది గనుక నైట్రోజన్ డయాక్సైడ్‌ను అది ఎంతవరకు పట్టుకుంటోంది, ఎంతవరకు మారుస్తోంది అనే ప్రశ్న తప్పక వేయాలి. పట్టుకోవడమే ప్రధానమైతే అది ఒకనాడు నిండిపోతుంది.

6. నాలుగు ప్రమాణాలు

విద్యార్థులతో పరిశోధనా వ్యాసాలు చదివించేటప్పుడు, ముగింపు కంటే ముందు పటాల నిలువు అక్షం మీద ఏమి రాసి ఉందో చూడమని చెప్పేవాణ్ని. మొదటి ప్రమాణం అదే.

(అ) కొలత: తగ్గింది నైట్రిక్ ఆక్సైడా, మొత్తం నాక్సా? నైట్రస్ ఆక్సైడ్, ఓజోన్, ఫార్మాల్డిహైడ్, నైట్రిక్ ఆమ్లం వంటి ఉపఉత్పన్నాలను కొలిచారా? ఇవి చెప్పకపోతే తీర్పు చెప్పడం సాధ్యం కాదు.

(ఆ) శక్తి: ఒక లెక్క వేద్దాం. డీజిల్ ఇంజన్ ఒక కిలోవాట్–గంట పనికి సుమారు 5 ఘనపు మీటర్ల పొగ వదులుతుందనుకుందాం. 100 కిలోవాట్ల ఇంజన్ గంటకు 500 ఘనపు మీటర్లు, అంటే సెకనుకు సుమారు 140 లీటర్లు వదులుతుంది. లీటరుకు 30 జౌళ్ల ప్లాస్మా శక్తి కావాలంటే సెకనుకు 4,200 జౌళ్లు, అంటే 4.2 కిలోవాట్లు కావాలి. ఇంజన్ పనిలో 4 శాతం పైగా పొగ శుద్ధికే పోయింది. అధిక వోల్టేజి పరికరంలో జరిగే నష్టాలు కలిపితే ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఈ లెక్కను ప్రొద్దుటూరు బజారుకు తీసుకురండి. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఇచ్చే జనరేటరు సాధారణంగా నిమిషానికి 1,500 చుట్ల స్థిరవేగంతో తిరుగుతుంది. టర్బో లేని ఇంజనైతే భారం నాలుగో వంతుకు తగ్గినా అది పీల్చే గాలి దాదాపు అంతే. అదే లీటరుకు 30 జౌళ్లు ఇస్తే 25 కిలోవాట్ల ఉత్పత్తిలో 4.2 కిలోవాట్లు, అంటే సుమారు 17 శాతం ప్లాస్మాకే పోతుంది. నిజానికి తక్కువ భారంలో నాక్స్ గాఢత కూడా తగ్గుతుంది. శక్తిని దానికి తగ్గట్టు సవరించవచ్చు. అయినా ఇందులో ఒక చిక్కు మిగిలే ఉంది. తక్కువ భారంలో పొగ చల్లగా ఉంటుంది, ఉత్ప్రేరకం నిద్రపోతుంది, ప్లాస్మా అవసరం ఎక్కువగా ఉండేది అప్పుడే. అంటే, ప్లాస్మా ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే దాని ఖర్చు ఎక్కువ. ఈ రంగంలోని ప్రకటనలు సాధారణంగా దాటవేసే విషయం ఇదే.

(ఇ) పరిమాణం: ప్రయోగశాల రియాక్టర్లు తరచుగా నిమిషానికి కొన్ని లీటర్ల పొగనే శుద్ధి చేస్తాయి. మన 100 కిలోవాట్ల ఇంజన్ పొగ నిమిషానికి 8,000 లీటర్లకు పైనే. ఆ రెండింటి మధ్య దూరాన్ని అంకెల్లో చెప్పని వ్యాసం ఆశాభావం మాత్రమే.

(ఈ) మిగులు: పట్టుకున్న నాక్స్ ఎక్కడికి పోతుంది? పొగలో 500 పీపీఎం నాక్స్ ఉంటే పై ఇంజన్ నుంచి గంటకు పావు ఘనపు మీటరు నాక్స్ వస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తే దాదాపు 470 గ్రాములు. అధిశోషకం తన బరువులో 5 శాతం పట్టుకోగలదనుకుంటే గంటకు సుమారు 9 కిలోలు, ఎనిమిది గంటల పనిదినానికి 75 కిలోలు కావాలి. నిండిన ఆ మట్టిని వేడిచేసి తిరిగి వాడాలా, పారవేయాలా? పారవేస్తే గాలిలోని కాలుష్యాన్ని పెన్న ఒడ్డుకు తరలించినట్టే కదా!

మీ అవగాహనను పరీక్షించుకోండి – 2
పై లెక్కలో శక్తి అవసరం లీటరుకు 60 జౌళ్లైతే 100 కిలోవాట్ల ఇంజన్ పూర్తి భారంలో ఎంత శాతం శక్తి ప్లాస్మాకు పోతుంది? (జవాబు: సుమారు 8.4 శాతం.)

7. మార్కెట్టు ఇచ్చిన తీర్పు, దాని పరిమితి

అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్, పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలలు 1990లలోనే వాహనాలకు ప్లాస్మా–ఉత్ప్రేరక పద్ధతిని పరిశీలించాయి. అయినా రోడ్డు మీదికి వచ్చింది వేరే పద్ధతి. ఇంధనంలో గంధకం తగ్గింది. మసి వడపోత, యూరియా ద్రావణంతో పనిచేసే ఎస్‌సీఆర్ స్థిరపడ్డాయి. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమలులోకి వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. భారీ వాహనాల నాక్స్ పరిమితి స్థిరస్థితి పరీక్షలో కిలోవాట్–గంటకు 3.5 గ్రాముల నుంచి 0.4 గ్రాములకు తగ్గింది. కొత్త లారీలో 32.5 శాతం యూరియా ద్రావణం పోయడం నేడు మన డ్రైవర్లందరికీ తెలిసిన పనే. జనరేటర్లకు కూడా 800 కిలోవాట్ల వరకు కొత్త ప్రమాణాలు 2023 జూలై 1 నుంచి వర్తిస్తున్నాయి.

దీనిని బట్టి ప్లాస్మా ఓడిపోయిందని తేల్చేయవచ్చా? కొత్త వాహనాల విషయంలో అవును. కాని ప్రమాణాలు కొత్తగా అమ్మే యంత్రాలకే వర్తిస్తాయి. పాత లారీ, పాత జనరేటరు, గనిలోని పాత కంప్రెసరు ఇంకా ఏళ్ల తరబడి తిరుగుతాయి. వాటిలో ఒకేచోట కదలకుండా ఉండే జనరేటరుకు బరువు సమస్య కాదు. విద్యుత్తు చేతిలోనే ఉంది. ప్లాస్మా–ఉత్ప్రేరక జతకు న్యాయమైన పరీక్ష అక్కడే జరగాలి. ఎర్రమట్టి బదులు మన జిల్లాలోనే దొరికే పదార్థాన్ని ఆలోచించవచ్చు. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే బూడిద వంటి దానిని క్షారంతో వేడిచేసి జియోలైట్‌గా మార్చవచ్చునని రసాయన శాస్త్రం చెబుతోంది. అది పోటీలో నిలుస్తుందా అన్నది ప్రయోగం తేల్చాలి. పై నాలుగు ప్రమాణాలు దానికీ వర్తిస్తాయి.

ఈలోగా చేయదగినవి ఉన్నాయి. అవసరానికి మించిన పెద్ద జనరేటరును తక్కువ భారంలో నడపకపోవడం, ఇంజెక్టర్లను, గాలి వడపోతను సకాలంలో చూసుకోవడం, పొగగొట్టాన్ని మనుషుల ముఖాల ఎత్తున వదిలేయకపోవడం. వీటికి ప్లాస్మా అక్కరలేదు.

8. సారాంశం

డీజిల్ పొగలో ఆక్సిజన్ ఎక్కువ గనుక ప్లాస్మా ప్రధానంగా ఆక్సీకరణమే చేస్తుంది. నైట్రిక్ ఆక్సైడ్ నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారుతుంది. దానిని నైట్రోజన్‌గా మార్చే పని ఉత్ప్రేరకానిది. అధిశోషకం పట్టుకోవడం శుద్ధిలో సగమే. ఫలితాన్ని కొలత, శక్తి, పరిమాణం, మిగులు అనే నాలుగు ప్రమాణాలతో చూడాలి. కొత్త వాహనాల్లో ఎస్‌సీఆర్ నిలిచింది; పాత స్థిర ఇంజన్ల విషయంలో ప్రశ్న ఇంకా తెరిచే ఉంది. ఎవరైనా ‘90 శాతం’ అని చెబితే, ‘దేనిలో 90 శాతం?’ అని అడగడం మీ మొదటి బాధ్యత.

9. నమూనా ప్రశ్నలు

I. పది వాక్యాల్లో జవాబు రాయండి.
1. ప్లాస్మా ఒక్కటే డీజిల్ పొగలోని నాక్స్‌ను ఎందుకు తొలగించలేదు?
2. ఏకదశ, ద్విదశ పద్ధతులను పోల్చండి. మసి ఉన్న పొగకు ఏది తగినది? ఎందుకు?

II. ముప్పై వాక్యాల్లో జవాబు రాయండి.
1. ‘ప్లాస్మా ఎక్కడ ఎక్కువ కావాలో అక్కడే దాని ఖర్చు ఎక్కువ.’ లెక్కల సహాయంతో చర్చించండి.
2. మీ ఊరిలో ఒక జనరేటరును ఎంచుకొని, అది ఎంత భారంలో, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో తెలుసుకోండి. దానికి ప్లాస్మా–ఉత్ప్రేరక పరికరం అమర్చడం సమంజసమా? నాలుగు ప్రమాణాల ఆధారంగా మీ తీర్పు రాయండి.